ముక్కరిగిన రివాల్వరు

ఆరిన్‌కు వంకలు పెట్టడమే బతుకుతెరువు. వడగళ్లు పడి సొట్టలు పోయిన కార్లనూ, గాలికి లేచిపోయిన ఇంటికప్పులనూ చూసి నష్టమెంతో తేల్చడం అతని ఉద్యోగం. బీమా కంపెనీ మనిషి గనక ఊళ్లో ఎవరి పెరట్లోకి వెళ్లినా కాఫీ ఇస్తారు గానీ మనసారా ఇవ్వరు. ఏళ్ల తరబడి అదే పని చేయడంతో, తన కంటపడకుండా ఏ లోపమూ తప్పించుకుపోలేదని అతనికి గట్టి నమ్మకం. “నీ లోపాలు తప్ప” అని భార్య మార్లిస్ అప్పుడప్పుడూ చేరుస్తూ ఉండేది. అతను వినిపించుకునేవాడు కాదు.

ఆ సెప్టెంబరులో వాళ్లింట్లో తగువంతా మార్లిస్ తండ్రి హాల్వర్ గురించే. ఆయన ఏటా ఎల్క్ దుప్పుల వేటకని కొండల్లోకి వెళ్లి, వాగు పక్కన గుడారం వేసుకుని వారం గడిపి వస్తాడు. ఈ ఏడాది చూపు మందగించింది. ఎదుటి మనిషి ముఖం మధ్యలో మసక, అంచులు మాత్రం కనిపిస్తాయట. తుపాకీ ముట్టనని తనే ఒప్పేసుకున్నాడు పాపం. గుడారం ముందు కూర్చుని, కాఫీ మరుగుతుంటే దుప్పుల కూత వింటే చాలన్నాడు. వచ్చే ఏటికి ఆ అంచులైనా మిగులుతాయో లేదో డాక్టరు చెప్పలేకపోయాడు. వెళ్తే ఈ ఏడే వెళ్లాలి.

ఆ కొండల్లో తిరిగేవి గ్రిజ్లీ ఎలుగుబంట్లు. వాటి సంగతి హాల్వర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన నుదుటి మీద, కనుబొమ దగ్గర మొదలై జుట్టులోకి పాకిన మచ్చ ఒకటుంది. పడుచుతనంలో ఎలుగుబంటి కొట్టిన దెబ్బ అది. ఆ కథ వినని ప్రాణి మా లోయలో లేదు. మార్లిస్ చిన్నప్పుడు బడిలో వాళ్ల నాన్న మచ్చ గురించి మాట్లాడి చప్పట్లు కొట్టించుకుంది కూడా.

అందుకే ఆవిడ పట్టు పట్టింది. “నాన్న ఒంటరిగా వెళ్లడానికి వీల్లేదు. ఆరిన్ తోడు వెళ్లాల్సిందే. ఎలుగు వస్తే ఏం చేస్తారో ముందు నాకు చూపించి మరీ వెళ్లాలి.” అంటూ కారపు స్ప్రే డబ్బాలు రెండు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎలుగు మొహాన కొడితే కళ్లు మండి పారిపోతుంది.

హాల్వర్ డబ్బా తడిమి చూసి ఫక్కున నవ్వాడు. “ఎందుకే ఇది? ఎలుగును వండుకుని తినమంటావా, కారం చల్లి?”

మామగారు నవ్వాడు గనక ఆరిన్ కూడా నవ్వాడు. ఆయన నవ్వినప్పుడు తనూ నవ్వే అవకాశం అతనికి అరుదుగా దొరుకుతుంది. పెళ్లయిన నాటి నుంచీ ముసలాయన అతన్ని “ఇన్సూరెన్సు” అనే పిలుస్తాడు. “ఇన్సూరెన్సూ, ఉప్పు ఇటు అందించు.” “ఏమోయ్ ఇన్సూరెన్సూ, వాన పడుతుందంటావా?” అల్లుడూ అని ఒక్కనాడు నోరారా పిలిచిన పాపాన పోలేదు.

“నేను రివాల్వరు కొంటున్నాను. ఫార్టీఫోర్ మాగ్నమ్, ఎలుగునైనా పడగొట్టే రకం,” అని ఆరిన్ ప్రకటించాడు.

“నువ్వా?” అన్నారు తండ్రీ కూతురూ ఒక్కసారే.

“సరే కొనుక్కో,” అంది మార్లిస్ చివరికి. “మన కంచె దగ్గర రేకు పళ్లెం ఒకటి వేలాడదీస్తాను. ఎలుగు మీద పడబోయే ముందు ఎంత దూరంలో ఉంటుందో, పళ్లేనికి అంత దూరంలో నిలబడి కొట్టు. కొడితే వెళ్లండి. లేకపోతే ఇద్దరూ ఇంట్లోనే కూర్చుని టీవీలో దుప్పుల్ని చూసుకోండి.”

ముసలాయన మొహంలో నవ్వు మాయమైంది. ఆయన వేట, ఆయన వాగు, ఆయన కాఫీ కెటిలు, అన్నీ పోయిపోయి ఈ వంకలమారి చేతిలో పడ్డాయి.

ఊరి చివర ఇర్మా అనే పెద్దావిడ, చనిపోయిన భర్త తుపాకులు ఒక్కొక్కటే అమ్ముతోందని తెలిసి ఆరిన్ అక్కడికి వెళ్లాడు. కావాలనే మామగారిని వెంట తీసుకెళ్లలేదు. తన పనితనం తనొక్కడే చూపించుకోవాలని. ఇర్మా రివాల్వరును వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచి దాని మీద పెట్టి, పక్కనే రూబార్బ్ ‘పై’ అనే తీపి వంటకం ముక్క కూడా పెట్టింది. రెండూ చూసి ఆరిన్ ముందు ఆ తీపి ముక్క సంగతి తేల్చాడు.

తర్వాత చేతులు తుడుచుకుని రంగంలోకి దిగాడు. అబ్బో, ఆ తనిఖీ చూసి తీరాల్సిందే! సిలిండరు తెరిచి తూటాలు లేవని రెండుసార్లు చూశాడు. మూసి, తూటాను కొట్టే సుత్తి వెనక్కి లాగి, సిలిండరు కదులుతుందేమోనని ఆడించాడు. కదల్లేదు. సిలిండరుకూ గొట్టానికీ నడుమ సందును కిటికీ వెలుగుకు పెట్టి చూశాడు. వెంట్రుకంత. బొటనవేలి గోరు గొట్టం వెనకాల ఆనించి, గోటి మీద పడిన వెలుగులో గొట్టం లోపలి మెలిగీతలు చూశాడు. అద్దంలా ఉన్నాయి. పేలుడు మంటకు సిలిండరు మీది పట్టీ కింద పడాల్సిన గాటు లేదు. సిలిండరు తిరిగి తిరిగి చుట్టూ పడాల్సిన గీత కూడా లేదు.

ఇంత పాత తుపాకీ ఇంత కొత్తగా ఎందుకుంది నాయనా అని తెలివైనవాడికి అనుమానం రావాలి. ఆరిన్‌కు ఆనందం వచ్చింది.

“మీవారు దీన్ని బాగా చూసుకున్నట్టున్నారే!”

“ముట్టుకుంటేగా!” అంది ఇర్మా. “తెచ్చిన రోజు పెరట్లో ఓసారి పేల్చి, లోపలికొచ్చి మణికట్టుకు ఐసు పెట్టుకున్నారు. ఆ తర్వాత దాని ఊసే ఎత్తలేదు. ఆ తూటాల పెట్టె కూడా తీసుకెళ్లండి, దాంతోపాటే వచ్చింది.”

పెట్టె దాదాపు నిండుగానే ఉంది. ఆరిన్ దాన్ని కూడా అదృష్టం కింద జమ కట్టాడు. అయితే ఒక్క వంకయినా లేకుండా కొంటే అతని వృత్తికి అవమానం. వెతికి వెతికి పట్టేశాడు. గొట్టం చివర, గురి చూసుకునే ముక్కు గుండ్రంగా అరిగిపోయి ఉంది.

“అయ్యయ్యో, చూశారా? ఎవడో చేతగానివాడు ఆకురాయి పెట్టి రుద్దేశాడు. ఇంత మంచి సరుకును పాడుచేశాడు, దరిద్రుడు!” అని నాలుక చప్పరించాడు. ఆ ముక్కును అడ్డం పెట్టుకుని గీచిగీచి బేరమాడాడు. ఇర్మా విసిగిపోయి, “మీరు బీమా ఆయన కదూ?” అని తగ్గించి ఇచ్చేసింది. ఆరిన్ ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

పరీక్ష ఆదివారం మధ్యాహ్నం పెట్టుకున్నారు. మార్లిస్ కంచె అవతలి మట్టికట్ట ముందు పళ్లెం కట్టి వచ్చి, చెవులకు రక్షణ డొప్పలు తొడుక్కుని నిలబడింది. హాల్వర్ మడతకుర్చీలో ముందుకు వంగి కూర్చున్నాడు. పళ్లెం ఆయనకు కనిపించదు, మోగితే వినాలని ఆశ. ఒక చేత్తో కుర్చీ పట్టీ గట్టిగా పట్టుకున్నాడు.

“కొట్టవోయ్ ఇన్సూరెన్సూ,” అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు. బతిమాలినట్టుంది. అది విని ఆరిన్ పిడిని రెండు చేతులా సర్ది పట్టుకున్నాడు.

కాళ్లు ఎడం చేసి, పోలీసువాడిలా నిలబడి, ఊపిరి బిగబట్టి ట్రిగ్గరు నొక్కాడు.

లోకం పగిలింది. రివాల్వరు చేతుల్లో ఎగిరి వెనక్కొచ్చి నుదుటి మీద టంగుమని మోదింది. పళ్లేనికి ఏమీ కాలేదు. దూరంగా ఎక్కడో ఓ కాకి విసుక్కుంటూ లేచిపోయింది. తేరుకునేసరికి ఆరిన్ గడ్డిలో చతికిలబడి ఉన్నాడు, కనుబొమ మీద కోడిగుడ్డంత బొప్పి లేస్తోంది.

“దెబ్బ తగిలిందా?” అని మార్లిస్ పరిగెత్తుకొచ్చింది.

“లేదు, లేదు. ఇంకోసారి,” అంటూ లేచాడు. రివాల్వరు ఎత్తాడు. పంటి బిగువున కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. పక్కన మామగారి కుర్చీ కిర్రుమంటోంది. ఈ ఒక్కటీ కొడితే చాలు, ముసలాయన వాగు దగ్గర కూర్చుంటాడు. కానీ వేలు వంగనంది. వంగదంటే వంగదు. చివరికి తూటాలన్నీ తీసేసి, ఖాళీ రివాల్వరును తీసుకెళ్లి హాల్వర్ చేతిలో పెట్టాడు.

“క్షమించండి మామగారూ. నాకు దీన్ని చూస్తే భయమేస్తోంది. ఇక కాల్చలేను.”

ఆ మాట అన్నాక ఏడుపొచ్చింది. బొప్పి నొప్పి అని సర్దుకున్నాడు.

హాల్వర్ దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. అలవాటుగా రివాల్వరును చేత్తో తడిమాడు. పిడి, సిలిండరు, గొట్టం. బొటనవేలు గొట్టం చివరికి వెళ్లి ఆగిపోయింది. మళ్లీ వెనక్కొచ్చి మళ్లీ ఆగింది. ముసలాయన మొహం కందగడ్డలా ఎర్రబడింది.

“ఇది ఎవరి దగ్గర కొన్నావు?”

“ఇర్మా దగ్గర. ఆ ముక్కు ఎవడో దరిద్రుడు రుద్దేశాడు. చూశాను, ధర కూడా తగ్గించాను.”

“ఆ దరిద్రుణ్ణి నేనే,” అన్నాడు హాల్వర్.

మార్లిస్ చెవుల డొప్పలు తీసేసింది. “ఏంటి నాన్నా?”

“నేను పళ్ల డాక్టరుకు అమ్మాను. ఆయన చర్చి పాదరీకి అమ్మాడు. పాదరీ ఇర్మా మొగుడికి అంటగట్టినట్టున్నాడు, దేవుడి మనిషై ఉండి! ఏ ఒక్కడూ పక్కవాడికి నిజం చెప్పలేదు. నేనూ చెప్పలేదు.” ఆరిన్ వైపు చెయ్యి చాచి, తడుముకుంటూ బొప్పిని పట్టుకున్నాడు. తర్వాత అదే వేలు తన నుదుటి మచ్చ మీద పెట్టుకున్నాడు. “అదే చోటు. ఒక్క పిసరు తేడా లేదు.”

మార్లిస్‌కు అర్థం కావడానికి క్షణం పట్టింది. “నాన్నా! మరి ఎలుగుబంటి?”

“ఉంది, అబద్ధం కాదు. వాగు అవతల హకిల్‌బెర్రీ పళ్లు తింటోంది. బెదిరిద్దామని ఒంటిచేత్తో గాల్లోకి పేల్చాను. ఇది తిరిగొచ్చి నా మొహం చీల్చింది. ఎలుగు తలెత్తి చూసి, నవ్వుకున్నట్టుంది, వెళ్లిపోయింది. కుట్లు వేయించుకుని ఇంటికొస్తే నువ్వు గుమ్మంలో నిలబడి, ‘ఎలుగు కొట్టిందా నాన్నా?’ అన్నావు. ఊ అన్నాను. మీ అమ్మకు తెలుసు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చిందావిడకు. ఆ చలికాలమే ఆకురాయి పట్టుకుని ముక్కు పదును తీసేశాను. లేకపోతే ఈవేళ ఇతనికీ కుట్లు పడేవి.”

“అయ్యో,” అన్నాడు ఆరిన్ నీరసంగా. “నేను వంక పెట్టింది దానికేగా!”

ముగ్గురిలో ముందు నవ్వింది మార్లిస్. బడిలో కొట్టిన చప్పట్లు గుర్తొచ్చి కోపంగా మొదలెట్టి, మధ్యలో పగలబడి నవ్వి, చివరికి కళ్లు తుడుచుకుంది. లోపలికి వెళ్లి స్ప్రే డబ్బాలు తెచ్చి ఇద్దరి చేతుల్లో చెరొకటి పెట్టింది.

“వెళ్లండి,” అంది.

“పళ్లెం మోగలేదుగా?” అన్నాడు హాల్వర్, నమ్మలేక.

“మీరిద్దరూ వీరులమనుకుని ఎలుగుకు ఎదురెళ్తారేమోనన్నదే నా దిగులు నాన్నా. భయపడేవాళ్లయితే తిరిగి ఇంటికొస్తారు.”

వారం తిరక్కుండానే వాగు పక్కన గుడారం లేచింది. డబ్బాలు ఇద్దరి నడుముకూ వేలాడుతున్నాయి, రివాల్వరు ఇంట్లో అల్మారాలో ఉంది. దుప్పులు కూస్తున్నాయి, ముసలాయన కళ్లు మూసుకుని వింటున్నాడు. పక్క గుడారం నుంచి క్లైడ్ అనే వేటగాడు కాఫీకని వచ్చాడు. ఆరిన్ నుదురు చూసి, అప్పటికింకా పచ్చగా కమిలి ఉంది లెండి, ఏమైందని అడిగాడు.

ఆరిన్ నోరు తెరిచాడు. నిజం చెప్పేద్దామనే అనుకున్నాడు. ఈలోగా హాల్వర్ కప్పు కింద పెట్టి, తన మచ్చ ఓసారి తడిమి చూసుకున్నాడు.

“ఏం చెప్పమంటావు క్లైడ్,” అన్నాడు నిట్టూరుస్తూ. “అదే ఎలుగు. అప్పుడు నన్ను కొట్టింది, ఇప్పుడు మా అల్లుణ్ణి కూడా కొట్టింది.”

ఆరిన్ మంటలోకి ఓ కట్టె తోశాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఎలుగు ఎంత పెద్దదో చేతులు చాచి చూపించాడు.