ఉల్లిగడ్డకు మిగిలిన ఈక

ముసలి సన్యాసి సుకియాస్ నానిన శనగలు వడకట్టి, చేతులు అంగీకే తుడుచుకుని, దూలం వైపు చూశాడు. వాన్ సరస్సు ఒడ్డున ఇంటింటా కట్టినట్టే, ఈస్టరు ముందరి పెద్ద ఉపవాసం మొదటిరోజున ఈ కొండమీది చిన్న మఠంలోనూ ఒక ఉల్లిగడ్డ కట్టారు. ఏడు వారాలకు ఏడు కోడి ఈకలు గుచ్చి, శనివారానికొకటి పీకుతారు. ఈ శనివారం పొద్దున ఇంకా మూడున్నాయి. రెండే ఉండాలి. తన దగ్గరుండే కుర్ర సన్యాసి మాంబ్రె జ్వరంతో ఒళ్ళు తెలియక పడి ఉన్నప్పుడు ముసలాయన ఒక వారం ఈక పీకకుండా ఎగ్గొట్టాడు. డెబ్బై రెండేళ్ళ వయసులో, ఒక సన్యాసి సంఘాన్ని స్థాపించిన మనిషి చేసిన పని అది.

ఒక్క ఈక మిగిలిన రోజు అవతలి ఒడ్డుకు పడవ వెళుతుంది. అందులో పెద్ద మఠానికి పోతానని మాంబ్రె మాఘమాసపు చలిలోనే చెప్పేశాడు. సుకియాస్ తల ఊపాడే తప్ప ఉండమనలేదు. ఆయన జన్మలో ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు.

ఇరవై ఏడో ఏట తోకత్ ఊరి నుంచి కాలినడకన వచ్చి, ఈ పాడుగోడలకు మట్టి మెత్తి, సంఘానికి నియమావళి రాశాడు. కీర్తనలో సగం ఒకరు, సగం మరొకరు పాడాలి, ఒంటరిగా పాడింది ప్రార్థన కాదు అన్నాడు అందులో. అప్పుడు పన్నెండు మంది ఉన్నారు మరి. ప్లేగు కొందరిని తీసుకుపోయింది. ఆకలి కొందరిని తరిమింది. ఇద్దరు పెళ్ళి చేసుకుని ఇప్పుడు కొండ కింద గొర్రెలు కాస్తున్నారు. ఇప్పుడు రెండో సగం పాడటానికి మాంబ్రె ఒక్కడే మిగిలాడు.

శనగలు పొయ్యి మీదకెక్కాక తలుపు చప్పుడైంది. పడవవాడి భార్య శుషాన్, చేతినిండా విల్లో చెట్టు కొమ్మలు.

"నెలన్నర మీ మొహం చూడలేదు పెద్దయ్యా, ఉన్నారా పోయారా అనుకున్నాం. మంచు కరిగి దారి పడింది, రేపే కొమ్మల పండగ, ఈస్టరుకింక వారమేగా, ఇవి దీవించిపెట్టండి." లోపలికి తొంగి చూసింది. "మీరింకా కదల్లేదేంటి చిన్నయ్యా? మధ్యాహ్నం పడవ. మా ఆయన తెడ్డు పట్టుకుని కూర్చున్నాడు."

మాంబ్రె ఆమె చేతిలోని కొమ్మల్ని చూశాడు. తరవాత దూలాన్ని చూశాడు. లెక్క తేలడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. ముక్కాలిపీట ఎక్కి, రెండు ఈకలు ఒకేసారి పీకి, బల్ల మీద పక్కపక్కనే పెట్టాడు.

సుకియాస్ శనగల్నే కలుపుతూ ఉండిపోయాడు. మాంబ్రె మూట భుజాన వేసుకుని వచ్చి, వంగి ఆయన చేతిని ముద్దు పెట్టుకున్నాడు.

"అడిగుంటే ఉండేవాణ్ణేమో, తండ్రీ."

ఇప్పుడైనా అడగొచ్చు. నోరు తెరిచాడు కూడా. "జ్వరం ఒళ్ళు, గాలి తగలకుండా చూసుకో" అన్నాడు.

సాయంత్రం ఎప్పట్లాగే ప్రార్థనకు పిలిచే చెక్కపలక మోగించి, గుడిలోకి వెళ్ళి, కీర్తనలో తన సగం పాడి ఆగాడు. మిగతా సగం కోసం దీపంలో నూనె అయిపోయేదాకా నిలబడ్డాడు.

ఈస్టరు వెళ్ళిన పదో రోజున పలక చప్పుడు వినబడటం లేదని శుషాన్ కొండెక్కింది. తలుపు తోసి, పొయ్యి పక్కన ఒరిగి ఉన్న ముసలాయన కళ్ళు మూసి, తలెత్తి చూసింది. ఊళ్ళో అందరిళ్ళలో ఎప్పుడో తీసేసిన ఉల్లిగడ్డ అక్కడింకా వేలాడుతోంది, వడలిపోయి, ఒక్క ఈకతో.