ఊరికేమన్న కాళ్లున్నయా?

కరీంనగర్ బస్టాండు వెనక, మేడమీది గదిలో 'నిలదీత' మాసపత్రిక అచ్చుకు పోయే రోజు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. చాయ్ గ్లాసులు, ప్రూఫు కాగితాలు, గొంతు చించుకునే వాదాలు. ఆ రోజు మాత్రం ఎవరూ అరవలేదు. కొంపలు ముంచే పనులు చాలావరకు అంత నెమ్మదిగానే జరుగుతాయని పాఠకులకు మనవి.

ఉపసంపాదకురాలు ప్రిస్కిల్లా తన వ్యాసం ప్రూఫు అందుకుంది. తను పుట్టిన ఎర్రగుంటపల్లెను బొగ్గుగని కోసం ఎలా ఖాళీ చేయించారో రాసిన వ్యాసమది. "అధికారులు పోలీసులతో వచ్చి ఊరిని ఖాళీ చేయించారు" అన్న మొదటి వాక్యం మాయమైంది. దాని చోట "గని విస్తరణలో భాగంగా గ్రామం తరలిపోయింది" అని ఉంది. మార్చింది సంపాదకుడు రాజలింగు సారే. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"గిదేంది సార్? ఊరికేమన్న కాళ్లున్నయా, తరలిపోనీకి?"

రాజలింగు తలెత్తలేదు. మేనేజరు సంపత్ అందుకున్నాడు. "జర సమజ్ చేస్కో ప్రిస్కిల్లా. గా గని కావాలన్న లీడరే మన పత్రికను లైబ్రరీలన్నిట్ల ఏయిస్తనన్నడు. ఇన్నేండ్లు అందర్ని తిట్టుకుంట ఏం సాధించినం? దారి మార్చకుంటె మూత వడ్తది. మార్చింది ఒక్క మాటే గదా!"

ఒక్క మాటే. ఆ మాటతో పోలీసులు మాయమయ్యారు, ట్రాక్టర్లు మాయమయ్యాయి, కూలిన ఇండ్లకు ఎవరి పూచీ లేకుండా పోయింది.

"మా అవ్వను ఇద్దరు రెక్కలు వట్టి గుంజి ట్రాక్టర్ల ఏసిండ్రు. ఆమె తరలిపోలే సార్. రేపు గీ పుస్తకం నాతోనే చదివిచ్చుకుంటది. నేనేమని చదవాలె?"

"చూద్దాం తియ్యి బిడ్డా" అన్నాడు రాజలింగు, గోడకేసి చూస్తూ.

బొగ్గుబాయిలో పని చేస్తూనే ఈ పత్రిక పెట్టిన మనిషి ఆయన. ప్రిస్కిల్లాకు రాయడం నేర్పిందీ ఆయనే. "వాడకు నీళ్లు ఆగిపోయాయి" అని రాసుకొస్తే, పక్కన ఎర్రసిరాతో "ఎవరు ఆపిండ్రు?" అని గీకి కాగితం తిరగ్గొట్టేవాడు.

ప్రిస్కిల్లా ఆయన బల్లమీది ఎర్రపెన్నే తీసుకుంది. 'తరలిపోయింది' పక్కన "ఎవరు తరలించిండ్రు?" అని రాసి, ప్రూఫు ఆయన ముందు పెట్టింది.

"గిదే అచ్చయితె పత్రిక మీద నా పేరు తీసెయ్యుండ్రి. కానీ ప్రిస్కిల్లా పోయింది అని మాత్రం రాయకుండ్రి సార్. పంపించినం అని రాయుండ్రి."

రాజలింగు ఆ ఎర్ర అక్షరాలను చదివాడు. ఆయన మొహం చిన్నబోయింది. తర్వాత పెన్ను అందుకుని తన వాక్యాన్ని కొట్టేశాడు. ఆమె వాక్యాన్ని పొల్లుపోకుండా తిరిగి రాశాడు.

"సంపత్, చేసినోన్ని దాసిపెట్టే రాత వాని పక్క రాతే. గంత మాత్రానికి మనకు పత్రికెందుకు?"

సంపత్ విసురుగా లేచాడు. "గట్లయితె వచ్చే నెలకే పత్రిక ఆగిపోతది సార్!"

రాజలింగు పెన్ను మూత పెట్టలేదు.

"ఆగిపోదు సంపత్, ఆపుతరు. ఎవరు ఆపిండ్రో ఆఖరి సంచికల పేరు వెట్టి రాద్దాం."