కణుపు మీద క్రీము

మా వంటింట్లో నూనె సీసా పక్కన ఒక చిన్న చెంచా ఉంటుంది. దాన్ని మరి దేనికీ వాడను. మా ఆయన క్లోమగ్రంథి వాచి రెండోసారి ఆస్పత్రిలో పడ్డప్పుడు, రోజు మొత్తం మీద ఇరవై గ్రాముల కొవ్వు దాటకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఆ సాయంత్రమే కొన్నాను. అప్పట్నించి మా ఇంట్లో వేపుళ్లు లేవు, మీగడ లేదు, గుడ్డులో పచ్చసొన లేదు. పాలు కాచి చల్లార్చి, పైన కట్టిన తెట్టు రెండుసార్లు తీస్తాను. ఏ పూట ఏం పెట్టానో నోటుపుస్తకంలో రాస్తాను. కాలేజీలో ప్రయోగాల రికార్డు కూడా నేనింత శుభ్రంగా రాయలేదు.

అయినా ఎనిమిది నెలలకి మూడోసారి వచ్చింది.

డాక్టరమ్మ నా పుస్తకం ఓపిగ్గా తిరగేసింది. "ఇంత ఒద్దికగా రాసినవాళ్లని నేను చూడలేదమ్మా," అంది. మంచం మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకున్న ఆయన వైపు తిరిగింది. "మరి ఎందుకొచ్చిందంటారు? మందు జోలికేమైనా వెళ్లారా?"

"మానేసి రెండేళ్లు దాటిందండీ."

"బయట తిండి?"

"తిండి సంగతి సరే, మంచినీళ్లు కూడా ఇంటి నుంచే తీసుకెళ్తాను. కావాలంటే ఆవిడనడగండి."

తడబడకుండా చెప్పాడు. నేనూ తలూపాను.

వరండాలో డాక్టరమ్మ నాకు విడిగా చెప్పింది. గ్రంథి సగానికి పైగా గట్టిపడిందట. షుగరు మొదలైందట. పాడైంది ఇక బాగయ్యేది కాదట. "మిగిలింది కాపాడుకోవడమే. ఇంకోసారి ఇలా వస్తే నా చేతుల్లో ఏమీ ఉండదు."

చూడ్డానికొచ్చిన మా పెద్దాడపడుచు ఊరుకోలేదు. "నువ్వు ఇంట్లో చెంచాలతో కొలుస్తున్నావు, వాడు బయట గ్లాసులతో కొలుస్తున్నాడు. అంత చదివావు, ఆమాత్రం తట్టలేదూ?"

ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. ఆయన చొక్కాలు నానబెట్టే ముందు వాసన చూడడం మొదలుపెట్టాను. వెన్న, వనిల్లా వాసన తప్ప మరేమీ ఉండేది కాదు. అది నాకు పెళ్లయిన నాటి నుంచీ తెలిసిన వాసన. ఇరవై రెండేళ్లుగా ఆయన ఒక బేకరీలో క్రీము మాస్టారు. ఆ వాసన గురించి ఆలోచించాలని నాకు తోచనేలేదు.

ఆయన మళ్లీ పనిలోకి వెళ్లిన వారానికి, కళ్లారా చూద్దామని ఆయన అన్నం డబ్బా నేనే పట్టుకుని పొద్దున్నే బయల్దేరాను. దొంగను పట్టుకోవడానికి వెళ్తున్నట్టే ఉంది.

బేకరీ వెనక గదిలో పిండి బస్తాల పక్కన నాకు స్టూలు వేశారు. ఎదురుగా నాలుగు క్రీము యంత్రాలు తిరుగుతున్నాయి. ఆయన ఒకదాన్ని ఆపాడు. చిటికెన వేలు మడిచి, కణుపుతో క్రీము తీసి నాలుక మీద పెట్టుకుని మింగాడు. "ఇంకాస్త తిప్పు," అన్నాడు. రెండో యంత్రం. మళ్లీ కణుపు. మూడోది. ఆయన నోట్లో పెట్టుకుని సరేననందే ఆ గదిలోంచి ఏ గిన్నే కదలదు. మధ్యాహ్నానికి పదకొండు లెక్కపెట్టాను.

"ఏమండీ, అదేమిటి?"

"ఏది?"

"ఇప్పుడు నోట్లో పెట్టుకున్నది."

ఆయన తన వేలి వంక, అది ఇంకెవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "ఇదా? రుచి చూశాను."

"తినలేదా?"

"రుచి చూడ్డం తినడమెలా అవుతుందే? తినడమంటే కూర్చుని తినడం."

అబద్ధం కాదది. ఆయన మొహంలో దాపరికం వెతికినా లేదు.

నేను బల్ల మీది తూకం యంత్రం మీద కాగితం పరిచాను. "పదకొండుసార్లు దీని మీద పెట్టండి. ఎప్పుడూ తీసినంతే."

ఓవెన్ దగ్గరున్న పెద్దాయన నవ్వాడు. "ఏం వదినగారూ, మాస్టార్ని కూడా కేజీల్లెక్కన అమ్మేస్తున్నారా?"

తూకం నలభై నాలుగు గ్రాములు చూపించింది. అందులో సగం కొవ్వే. రోజు మొత్తానికి ఇచ్చిన కొవ్వు మధ్యాహ్నానికే దాటిపోయింది. నేను ఇంట్లో చెంచా అంచున వేలాడే చుక్కను కూడా తిరిగి సీసాలోకే దులిపేసేదాన్ని. ఓవెన్ పెద్దాయన నవ్వడం మానేశాడు.

"ఉమ్మేస్తాను," అన్నాడు మా ఆయన.

ఉమ్మేశాడు కూడా. తొమ్మిది రోజులు. పదో రోజు కేకులు పది ఇళ్ల నుంచి తిరిగొచ్చాయి. వెన్న పాతదట, ముక్కిపోయిన వాసన కొట్టిందట. "నాలిక్కి తెలీదే అది," అన్నాడు ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని. "గొంతు దిగాక తెలుస్తుంది. మింగకపోతే నాకూ ఆ గరిటెకీ తేడా లేదు."

బేకరీ ఓనరమ్మ మంచిదే. కసరలేదు. డబ్బాలకి రిబ్బను కట్టే బల్ల దగ్గర కూర్చోమంది. ఆయన నెలరోజులు రిబ్బన్లు కట్టాడు. నేను పెట్టినదల్లా తిన్నాడు. బాగుందని గానీ బాగోలేదని గానీ ఒక్క మాట అనలేదు. ఓ రోజు పెరట్లో బట్టలారేస్తూ చూశాను. గోడవైపు తిరిగి, ఖాళీ కణుపు నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు.

ఆ మర్నాడు నేనే అన్నాను. "రోజుకి ఐదు. ఆరోది లేదు. మింగండి."

"మరి నీ ఇరవై గ్రాములు?"

"సగం మీకిచ్చేస్తున్నాను. మిగతా సగం కొలవకుండానే కందిపప్పులోనో బియ్యంలోనో చేరుతుంది. నేను చెంచాతో వేసేది ఇక ఏమీ లేదు."

ఆ రోజుతో మా వంటింట్లో చిన్న చెంచా పని అయిపోయింది. ఉడికించి, ఉప్పు వేసి దించుతాను. డాక్టరమ్మ నాలుగు కేజీలు తగ్గాడని కేకలేసింది, అరుగుదల మాత్రలు పెంచింది. నేను ఐదు సంగతి చెప్పలేదు. చెబితే వద్దంటుంది. వద్దంటే ఏమవుతుందో నేను పెరట్లో చూశాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆయన గుమ్మంలోకి రాగానే కుడిచెయ్యి ఎత్తి ఐదు వేళ్లూ విప్పి చూపిస్తాడు, బడి నుంచి మార్కులు తెచ్చిన పిల్లాడిలా. నేను నవ్వుతాను. పుస్తకంలో ఐదు అని రాస్తాను.

కిందటి వారం నుంచి చెప్పులు విప్పుకునేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. కుర్చీలో వెనక్కి ఆనడం లేదు, మోకాళ్ల మీదకి వంగి కూర్చుంటున్నాడు. ఇదివరకు నొప్పి వీపులోకి పాకుతుంటే మూడుసార్లూ అలాగే కూర్చున్నాడు.

ఈ సాయంత్రం కూడా చెయ్యెత్తాడు. ఐదు వేళ్లు. ఎడమచెయ్యి చొక్కా కింద, పక్కటెముకల దిగువన నొక్కి పెట్టి ఉంది.

"ఎన్ని?" అన్నాను, మొదటిసారి.

"చూపిస్తున్నాగా."

"బాగా కుదిరిందా?"

ఆయన మొహం విప్పారింది. "ఇవాళ్టిది... నువ్వొకసారి చూడాల్సిందే. ఇన్నేళ్లలో అంత తేలిగ్గా ఎప్పుడూ రాలేదు."

ఐదు అని రాశాను. ఆస్పత్రికి తీసుకెళ్లే సంచి అటక మీంచి దించి, తలుపు వెనక పెట్టి, ఆయన కంచం కడగడానికి వంటింట్లోకి వెళ్లాను.