గాలి డబ్బా పందెం

మెట్టుగూడ గల్లీలో ఎలీనా ఇంటి కిటికీలు తెరుచుకోక చాలా కాలమైంది. కూతురు షెకీనాకు ఉబ్బసం, కాస్త చల్లగాలి తగిలినా ఛాతీలో పిల్లికూతలు. ఇక ఎదురింటి ఎల్లమ్మ వాకిలి ఊడ్చి, బాదం ఆకులు కుప్పపోసి అంటించిందంటే ఎలీనా గుండెల్లో రాయి పడేది. పిల్లకు గడప దాటే యోగం లేదు.

కాలనీలో గాలిని కొలిచే సృజన తన డబ్బాను కొన్నాళ్లు వాడుకోమని ఇచ్చింది. గాలి మంచిదైతే పచ్చదీపం, చెడ్డదైతే ఎర్రదీపం. ఎలీనా దాన్ని తిన్నగా ఎల్లమ్మ మంట దగ్గరికే పట్టుకెళ్లింది. దీపం ఎర్రబడింది.

“చూశావా అత్తా? నీ ఆకుల వల్లే నా బిడ్డకు ఆటా పాటా లేకుండా పోయింది.”

“ఏందీ, డబ్బాతోని నా మీద సాక్ష్యం చెప్పిస్తున్నవా?” ఎల్లమ్మ చీపురు చంకన పెట్టింది. “సరే, పందెం! రేపటి సంది కాల్వను. ఆకులు గుంతల కప్పెడ్త. దీపం పచ్చగైతే పోరిని ఆటకు పంపాలె. మళ్ల నసుగుతె ఊకోను.”

ఎల్లమ్మ మాట తప్పలేదు. మర్నాడు సాయంత్రం వాకిట్లో దీపం పచ్చగా వెలిగింది. అయినా ఎలీనాకు మనసొప్పలేదు.

“ఇంట్లో ఇంకా మంచి గాలి ఉంటుంది అత్తా, చూపిస్తా రా,” అంటూ డబ్బాను మంచం పక్కన పెట్టింది.

రెప్పపాటులో ఎర్రదీపం!

ఎల్లమ్మ గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. “గీ పొగేంది బిడ్డా?”

“పొగేంటి? దోమల కాయిల్ కదా. దోమ కుడితే జ్వరమొస్తుందని పొద్దున్నించీ...” ఎలీనా వంగి మంచం కింద రాజుకుంటున్న కాయిల్‌ను చూసింది. బయటి పొగ రాకూడదని తలుపులు బిగించింది తనే. లోపలి పొగను పిల్ల పక్కలో కాపు కాసిందీ తనే.

“గల్లీ అంత నన్ను బద్నాం జేసి, దొంగను మంచం కింద దాసుకున్నవు!” ఎల్లమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. “దోమతెర కట్టుకోరాదు?”

ఎలీనాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతలోనే నవ్వాగలేదు. కాయిల్‌ను బకెట్లో ముంచి, కిటికీలన్నీ బార్లా తీసింది. “వెళ్లు తల్లీ, ఆడుకో,” అంది.

షెకీనా బాణంలా గల్లీలోకి దూసుకెళ్లింది. “నన్ను పట్టుకో అవ్వా!”

ఎల్లమ్మ కొంగు దోపి వెంటపడింది. ఎలీనా పీల్చే మందు చేతబట్టుకుని చెవులు రిక్కించింది. పిల్ల దగ్గర కేరింతలే తప్ప పిల్లికూతల్లేవు.

ఎల్లమ్మ మాత్రం రొప్పుతూ అరుగు మీద కూలబడింది. “ఆ మందేదో నాకియ్యి బిడ్డా, పాణం పోతున్నది!”