సొరంగం పొడవు

ఆదివారాలు పొద్దున్నే కసిల్దా స్టేషను తలుపులు తీసి, లావు టైర్ల కొండ సైకిళ్ళను ఒక్కొక్కటే బయటికి తెచ్చి గోడకు ఆనించేది. టైర్లు నొక్కి చూసి, గొలుసులకు నూనె పట్టించి, ఆ తర్వాతే కాఫీ పెట్టుకునేది. పేరుకది స్టేషనే గాని అక్కడికి ఎన్నడూ రైలు రాలేదు. తాతల కాలంలో కొండలు తొలిచారు, లోయల మీద వంతెనలు కట్టారు, స్టేషన్లకు సున్నాలు వేశారు. పట్టాలు పరిచే వేళకి యుద్ధం వచ్చింది. యుద్ధం పోయాక డబ్బు రాలేదు. చాలా ఏళ్ళు ఆ దారిలో మేకలు నడిచాయి, ఇప్పుడు సైకిళ్ళు నడుస్తున్నాయి. ఈ మార్పుకి మేకలు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

సైకిలు అద్దెకిచ్చే ముందు, జంటలుగా వచ్చినవాళ్ళని కసిల్దా ఒకటే అడిగేది, వాళ్ళ మధ్య చెప్పుకోని మాటేమైనా ఉందా అని. ఉందంటే కొండ మీది పాత రోడ్డు చూపించేది. లేదని బుకాయించేవాళ్ళ మొహాలు చూసి, ఇంకో దీపమూ ఇంకో సీసాడు నీళ్ళూ ఇచ్చి పంపేది. ఎందుకంటే ఆ దారిలో సొరంగాలు చాలా ఉన్నా పెద్ద సొరంగం తీరు వేరు. ఒంటరిగా వెళ్ళేవాడికి అది ఒక పాట పాడుకునేంత దూరం. ఒకరికొకరు చెప్పుకోవలసింది దాచుకున్న ఇద్దరు లోపల ఉంటే మాత్రం, ఆ మాట బయటపడేదాకా అవతలి వెలుతురు కనిపించదు. ఆ ఊళ్ళో, ఆల్బరీన్‌లో, చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే ఇది. నిన్న వాన పడింది అన్నట్టుగా, నిన్న సొరంగం సాగింది అనుకుంటారు. ఒకసారి చర్చి ఫాదరూ, మేయరూ లోపల చిక్కుపడి మధ్యాహ్నం భోజనానికీ రాలేదు, రాత్రి భోజనానికీ రాలేదు. బయటికొచ్చిన వారానికి చర్చి పైకప్పు బాగైంది. ఎలా బాగైందని ఎవరూ అడగలేదు.

కాఫీ తాగడం అయ్యేసరికి ఎలాదియో వచ్చేవాడు. ఊరి నూనె మిల్లులో జీవితమంతా ఆలివ్ పళ్ళు పిండి, ఈమధ్యే పని మానేసిన మనిషి. పొడుగ్గా, వంగినట్టుగా ఉంటాడు, అడిగితేగాని మాట్లాడడు. వంకరపోయిన చక్రాలు సరిచేసిపెట్టి, కసిల్దాతో కలిసి రాబందుల కొండ దాకా సైకిలు మీద వెళ్ళొచ్చేవాడు. వంతెన మీద కూర్చుని ఇద్దరూ టమాటా రుద్దిన రొట్టె తినేవాళ్ళు. వెళ్ళేది కలిసే, వచ్చేదీ కలిసే, ఒక్క పెద్ద సొరంగం దగ్గర తప్ప. అక్కడ కసిల్దా ముందు వెళ్ళి, అవతలికి చేరాక సైకిలు గంట కొట్టేది. ఆ గంట విన్నాకే ఎలాదియో బయల్దేరేవాడు. ఆ ఊళ్ళో మాట పెగలనివాళ్ళు చేసే పని అది. అలా ఒకరి తర్వాత ఒకరు వెళ్ళేవాళ్ళని చూసినవాళ్ళకి వేరే ఏమీ చెప్పక్కర్లేదు. అందుకే ఈ ఇద్దరి సంగతి వీళ్ళకి తప్ప ఊరందరికీ తెలుసు.

కసిల్దా నోటికి తాళం వేసింది కసిల్దాయే. మొగుడు గాస్పార్ పోయినప్పుడు, ఖననం అయ్యాక బారులో నలుగురి ముందూ గట్టిగా అంది, ఈ జన్మలో ఇంకో మగాడి సాక్సులు ఉతకనని. దుఃఖంలో అన్నమాట అది. కానీ పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆల్బరీన్‌లో అంత దూరం పోనక్కర్లేదు, రొట్టెలమ్మే బ్రిహిదా చెవిన పడితే చాలు. తర్వాత ఏళ్ళు గడిచాయి, దుఃఖం కరిగింది. ఆ మాట మాత్రం ఊళ్ళో అలాగే ఉండిపోయింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఆవిడకి మొహం చెల్లలేదు.

ఈ ఏడు ఆలివ్ కోతలు ముగిశాక ఎలాదియో ఒక కబురు చెప్పాడు. సముద్రం ఒడ్డున తర్రగోనాలో ఉన్న అన్నయ్య రమ్మంటున్నాడట, ఇక అక్కడే ఉండిపోతాడట, గురువారం బస్సుకి ప్రయాణమట. ఊరు బారులో వీడ్కోలు విందు పెట్టింది. శనగలూ మాంసమూ కలిపి వండిన కూర కసిల్దాయే వడ్డించింది. ఎలాదియో ఆవిడ వైపు చూశాడు. అందరూ చూశారు. ఆవిడ గరిటెని గిన్నె అంచుకి తుడుస్తూ, అక్కడ సముద్రపు గాలి మంచిదట కదా అంది. అతను తలూపి కంచంలోకి వంగాడు. ఆ రోజు నుంచీ ఆవిడకి కాఫీ కూడా సయించలేదు.

అలా ఆఖరి ఆదివారం వచ్చింది. పెద్ద సొరంగం దగ్గర ఎలాదియో ఎప్పటిలాగే ఆగాడు, కసిల్దా ఎప్పటిలాగే లోపలికి వెళ్ళింది. కాళ్ళు ఆడడం లేదు, తొక్కుడు నెమ్మదించింది. ఇంకా సగం దూరం కూడా పోలేదు, అవతలి కొసన సైకిలు గంట మోగింది. ఆవిడకి అర్థమయ్యేలోపే వెనక నుంచి ఒక దీపం దగ్గరికి వచ్చేసింది.

"నువ్వు గంట కొట్టావుగా?" అన్నాడు ఎలాదియో.

"నేనింకా లోపలే ఉంటే ఎలా కొడతాను?"

ఇద్దరూ ముందుకు చూశారు. ఇందాకటిదాకా చిల్లరనాణెంలా కనిపించిన వెలుతురు ఇప్పుడు లేదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. సైకిళ్ళు దిగి పక్కపక్కన నడిపించుకుంటూ బయల్దేరారు.

ముందు చిన్నచిన్న మాటలతో సొరంగాన్ని మభ్యపెడదామని చూశారు. నువ్వు సరిచేసిన చక్రాల్లో సగం నువ్వు వెళ్ళాక మళ్ళీ విప్పి బిగించుకుంటానని కసిల్దా ఒప్పుకుంది. నీ రొట్టెలో వెల్లుల్లి నాకు పడదు, ఇన్నేళ్ళూ నీళ్ళతో మింగుతున్నాను అన్నాడు ఎలాదియో. ముందు ఎక్కడో కాస్త బూడిదరంగు తేలినట్టే తేలి ఆరిపోయింది. గోడల మీంచి నీటిచుక్కలు పడుతూనే ఉన్నాయి, వాళ్ళు నడుస్తూనే ఉన్నారు.

అప్పుడు కసిల్దాకి ఒక దురాశ పుట్టింది. ఏమీ మాట్లాడకపోతే సరి. గురువారం దాకా ఇలాగే నడుస్తూ ఉంటే బస్సు దాని దారిన అది పోతుంది, ఇతను పక్కనే ఉంటాడు. ఆ ఆలోచన ఎంత బాగుందంటే కొంతదూరం దాంతోనే నడిచింది. తర్వాత పక్కన అతని ఊపిరి బరువుగా వినిపించింది. చిన్నవాడు కాదు, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. మనిషిని చీకట్లో కట్టేసి ఉంచుకుని నాదనుకోవడం ఏం ప్రేమ అనుకుని తనమీద తనకే సిగ్గేసింది.

"వెళ్ళొద్దు, ఎలాదియో," అంది. "నువ్వెళ్ళిపోతే నాకు బాగుండదు. ఆదివారాలే కాదు, ఏ రోజూ బాగుండదు."

అతను ఆగిపోయాడు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది. వెలుతురు లేదు. అదే చీకటి, అవే నీటిచుక్కలు. మొహమంతా వేడెక్కింది.

"నా మాట నేను చెప్పేశాను. ఇంక మిగిలింది నీ దగ్గరే."

"సాక్సులు నేనే ఉతుక్కుంటాను," అన్నాడు ఎలాదియో.

ఆవిడకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అయినా వెలుతురు రాలేదు. "అది కాదు. ఇంకా ఏదో ఉంది నీ కడుపులో."

అతను సైకిలు గోడకు ఆనించాడు. దీపం కిందికి తిప్పాడు, తన మొహం కనపడకుండా.

"అన్నయ్య నన్ను పిలవలేదు. వాళ్ళదే ఇరుకిల్లు. పండక్కి ఫోను చేసి బాగున్నావా అంటాడు, అంతే. నేను పోతానంటే నువ్వు ఆగమంటావని అలా అన్నాను. నువ్వేమో సముద్రపు గాలి మంచిదన్నావు. అప్పటికే ఊరంతా విందు పెట్టింది. ఇంక ఏ మొహం పెట్టుకుని ఆగను?"

"మరి నేనివాళ నోరు తెరవకపోయుంటే?"

"గురువారం బస్సెక్కేవాణ్ణి."

"ఎక్కి?"

"ఎక్కడ దిగాలో ఆలోచించలేదు."

కోపం రావాలి, రాలేదు. ఒళ్ళో పెట్టె పెట్టుకుని, ఒక్కొక్క ఊరే దాటిపోతుంటే ఏ ఊళ్ళోనూ దిగలేక కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఎలాదియో ఆవిడకి కనిపించాడు. వెర్రివాడా, అంది మెల్లగా, అతని చెయ్యి పట్టుకుంటూ. ఆ చేతి మీద ఎండ ఉంది. తలెత్తి చూస్తే సొరంగం కొస నాలుగడుగుల్లో ఉంది.

బయట పొద్దు వాలుతోంది. రాతి మీద బ్రిహిదా కూర్చుని ఉంది, పక్కన ఆవిడ మూడు చక్రాల రొట్టెల బండి. పొద్దుట కాల్చిన రొట్టెలు అలాగే ఉన్నాయి. గాలి కోసం కూర్చున్నానంది. కసిల్దా బండికి ఉన్న సైకిలు గంటని చూసింది, బ్రిహిదాని చూసింది, ఒక రొట్టె తీసుకుని రెండు ముక్కలు చేసి పెద్దది ఎలాదియోకి ఇచ్చింది.

తర్రగోనా సంగతి మళ్ళీ ఊళ్ళో ఎవరూ ఎత్తలేదు. గురువారం బస్సు ఎప్పటిలాగే వచ్చి, మిల్లు ముందు ఆగి, ఎవరూ ఎక్కకపోయేసరికి కదిలింది. స్టేషను అరుగు మీంచి చూస్తే కొండ చుట్టూ తిరిగే ఆ రోడ్డంతా కనిపిస్తుంది. ఎలాదియో అక్కడే కూర్చుని ఒక చక్రానికి ఊచలు బిగిస్తున్నాడు, బస్సు వైపు తలెత్తలేదు. కసిల్దా మాత్రం చూస్తూ నిలబడింది. అతను పక్కనే ఉన్నా, బస్సు ఆఖరి మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా అతని చొక్కా భుజం వదలలేదు.