పని చేసుకునే కంప్యూటర్

వంటింట్లో కూరకు మటిక్కాయలు తుంచుతూ కూర్చున్నాను. ముందు గదిలోంచి మా ఆయన కేక, కంప్యూటర్ ఆగిపోయింది వచ్చి చూడమని. ఆయన దాంతో పని చేస్తుంటే ఆగిపోయిందని కాదు. పెండ్లికార్డు కోసం వచ్చినవాళ్లకు పాత మోడళ్లు చూపిద్దామని స్విచ్చేశాడు, స్క్రీను నల్లగానే ఉండిపోయింది. నేను చేతులు కొంగుకు తుడుచుకుంటూ వెళ్లి, వెనకాల వైర్లు ఊడదీసి మళ్లీ పెట్టి చూశాను. లోపల ఫ్యాను కూడా తిరగడంలేదు. "ఏం చేసినావ్ దీన్ని?" అన్నాడు ప్రతాప్, వచ్చినవాళ్ల ముందే. పొద్దున్నుంచి నేను ఆ గదిలోకే రాలేదని చెప్పబోయి, వాళ్లు నావైపే చూస్తుంటే ఊరుకున్నాను. వంటింట్లో పప్పు అడుగంటిన వాసన వస్తోంది.

ఆ ముందు గదికి 'ప్రతాప్ గ్రాఫిక్స్, ఆళ్లగడ్డ' అని బోర్డు. ఆ బోర్డు మీది అక్షరాలు కూడా నేను కూర్చినవే. పెళ్లికి ముందు నంద్యాలలో మా పిన్ని వాళ్లింట్లో ఉండి డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చే పని, నేర్చుకున్నాను. పెళ్లిచూపుల్లో ఆ సంగతి చెప్తే మా అత్త కమలాక్షమ్మ, అట్లయితే ఇంట్లోనే ఏదైనా పెట్టుకోవచ్చులే అంది. పెట్టుకున్నారు. వీధివైపు టేబులు, కుర్చీ ఆయనవి. ఆర్డరు తీసుకునేది ఆయన, అడ్వాన్సు తీసుకునేది ఆయన, వచ్చినవాళ్లకు టీ తెప్పించేది ఆయన. తెప్పించడమంటే లోపలికి కేకేయడం. పొయ్యి మీద పాలు పెట్టి, టీ చేసిచ్చి, మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుని అహోబిలం సత్రం రసీదులో, బడి ప్రశ్నపత్రాలో, పెద్దకర్మ కార్డులో కూర్చేది నేను. ఎంత బాగా చేసినారన్నా అని ఎవరైనా మెచ్చుకుంటే "మన పనే" అంటాడు ప్రతాప్. ఆ 'మన'లో నేను ఎంత భాగమో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఒకసారి ఎవరో, లోపల ఎవరన్నా మనిషిని పెట్టుకున్నారా అని అడిగితే, "లేదప్పా, ఇంట్లో ఆమె ఖాళీగా ఉన్నప్పుడు కొడతాంటాది" అన్నాడు. ఆ ఖాళీ ఎప్పుడు దొరుకుతుందా అని నేను పెళ్లయినప్పటి నుంచి వెతుక్కుంటున్నాను.

సరే, పెండ్లిళ్ల కాలం, పని ఆగిపోకూడదు. కొత్తది తీసుకుందామని నంద్యాల బయల్దేరాం. నంద్యాలలో ప్రెస్సుల వాళ్లు, ఫోటో స్టూడియోల వాళ్లు అందరూ సంజీవనగర్‌లో శ్రీశైలం అనే అతని దగ్గరే కంప్యూటర్లు చేయించుకునేవాళ్లు. కంపెనీ డబ్బా కొనిచ్చేవాడు కాదు అతను. మీరు చేసే పనేంటో చెప్పండి, దానికి తగ్గట్టు సామాన్లు తెప్పించి బిగించిస్తాను అనేవాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు లోపల చెప్పలేనంత ఆశ. బస్సు శిరివెళ్ల దాటేసరికి ఏం అడగాలో అంతా మనసులో పేర్చుకున్నాను. పెద్ద స్క్రీను కావాలి. చిన్న స్క్రీనులో తెలుగు ఒత్తు కనపడాలంటే అక్షరాన్ని పెద్దది చేయాలి, పెద్దది చేస్తే పేజీ పోతుంది. పేజీ కోసం తగ్గిస్తే 'ధ' ఏదో 'థ' ఏదో తెలీదు. సాయంత్రానికి కణతలు పగిలిపోతాయి. మెమరీ ఎక్కువ కావాలి, బొమ్మ పెట్టిన ప్రతిసారీ అది ఆలోచిస్తూ నిలబడిపోకుండా. మెత్తటి కీబోర్డు కావాలి, నా మణికట్లు వాచిపోతున్నాయి.

శ్రీశైలం మాకంటే చిన్నవాడు. మేడ మీది గదిలో, విప్పిన డబ్బాల మధ్య స్టూలు జరిపి ఆయన్ని కూర్చోబెట్టి, ఏం పని అన్నా అని అడిగాడు. "అన్ని పనులూ" అన్నాడు ప్రతాప్. నేను పక్కనుంచి స్క్రీను గురించి మొదలుపెట్టాను. శ్రీశైలం నావైపు తిరిగి వింటూనే ఉన్నాడు, మధ్యలో తల కూడా ఊపాడు. అప్పుడు ఈయన నవ్వి, "ఆమెకు టైపు కొట్టేది తెలుసు అంతే. నేను చెప్తా రాసుకో" అన్నాడు. శ్రీశైలం ఆయనవైపు తిరిగిపోయాడు. కోవెలకుంట్లలో ఈయన స్నేహితుడి కంప్యూటర్‌లో టీవీ వస్తుందట, ఆ టీవీ కార్డు వేయాలి. గది అదిరిపోయే స్పీకర్లు కావాలి. ముందువైపు నీలం లైట్లు వెలిగే డబ్బా కావాలి. స్క్రీను మామూలుదే చాలు. కీబోర్డు ఏదైతేనేం అన్నాడు. కిందికి దిగేటప్పుడు శ్రీశైలం నాతో అన్న ఒకే ఒక్క మాట, "మెట్లు జాగ్రత్త వదినా".

కంప్యూటర్ వచ్చింది. నీలం లైట్లు వెలిగాయి. కేబుల్ వైరు తెచ్చి దాని వెనకాల గుచ్చారు. లోపలి గదిలో మా పాత టీవీలో బొమ్మ వణుకుతూ ఉండేది, ఇందులో ముక్కుపుడక రాయి కూడా కనపడుతోందని మా అత్త మురిసిపోయింది. మొదటివారం వీధిలో వాళ్లందరూ వచ్చి చూసిపోయారు, అందరికీ టీ. ఆ తరువాత మధ్యాహ్నం అయ్యేసరికి అత్త చాప తెచ్చుకుని నా కుర్చీ పక్కనే కూర్చోవడం మొదలుపెట్టింది. పని ఉంది అత్తా అంటే, "నీ పని యాడికి పోతాది, కతైతే మళ్లీ రాదు కదా" అనేది. ప్రతాప్‌కు చెప్తే ఎంత తెలివైన దారి చూపించాడనుకున్నారు! బొమ్మను చిన్నది చేసి ఒక మూలకు పెట్టొచ్చట, మిగతా చోట నేను పని చేసుకోవచ్చట. ఇద్దరికీ సర్దుబాటు అన్నాడు. అసలే చిన్న స్క్రీను. అందులో ఒక మూల ఎవరో ఒకామె ఏడుస్తూ ఉంటుంది, మిగిలిన జాగాలో నేను ఎవరి పెండ్లో చేస్తుంటాను. నడుమ నడుమ అత్త, "ఆ గీతలు అడ్డమొస్తాండాయి, కొంచెం పక్కకు జరుపు" అనేది. ఆ గీతలు నా పేజీ. క్రికెట్ ఉన్నరోజు ఆ మూల కూడా లేదు, మొత్తం ఆయనదే. అప్పుడు నేను మిరపకాయలు ఎండబెట్టుకోవచ్చు. ఖాళీయే కదా.

ఉయ్యాలవాడ నుంచి సుబ్బయ్య అనే పెద్దాయన మనవరాలి పెండ్లికార్డు అలాంటి ఒక మధ్యాహ్నం చేశాను. పెండ్లికొడుకు తాత చనిపోయాడు, ఆయన పేరుకు ముందు 'కీ.శే.' పెట్టాలి. స్పీకర్లలో ఎవరో శపథం చేస్తున్నారు. అత్త జరుపమంది, జరిపాను. ఫోన్ మోగింది, లేచాను. పాలు పొంగుతున్నాయేమో చూడమంది, చూసొచ్చాను. వచ్చి ఆ రెండక్షరాలూ పెట్టాను. అచ్చు అయ్యింది, కట్టలు కట్టి పంపించాం. రెండోరోజు సుబ్బయ్య తానే బస్సెక్కి వచ్చాడు. కార్డు టేబులు మీద పెట్టి, తన పేరు మీద వేలు ఆనించి, "నేనింకా బతికే ఉండా కదప్పా" అన్నాడు. కోపంగా కూడా కాదు. దాన్ని పదిమందికి పంచిన తరువాత చూసుకున్న మనిషి గొంతు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. నేను గడపలో నిలబడి ఉన్నాను. క్షమించమని అడుగుదామని నోరు తెరిచేలోగా ప్రతాప్ అందుకున్నాడు. "ఏమనుకోవద్దు పెద్దాయనా, ఆడోళ్ల సంగతి తెలిసిందే కదా. సీరియల్ చూసుకుంటా కొట్టింటాది."

మా అత్త చాప మీదే ఉంది. ఆ మూలన ఇంకా బొమ్మ ఆడుతూనే ఉంది. అత్త ఒకసారి నావైపు చూసి, మళ్లీ అటు తిరిగింది. నేను ఆ సీరియల్‌లో ఒక్క మనిషి పేరు కూడా ఎరగను. అరిచి చెప్దామనుకున్నాను. ఎవరికి? ఆ పెద్దాయనకు కావాల్సింది తన పేరు సరిగ్గా ఉన్న కార్డు. ఆయన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. అత్తకు చెప్పకుండానే టీవీ బొమ్మ తీసేసి, ఆయన ముందే పేజీ తెరిచి దిద్దాను. చదివి చూడమన్నాను. ఆయన తన పేరు మీద చాలాసేపు చూపు నిలిపి, ఇప్పుడు బాగుండాది తల్లీ అన్నాడు. తల్లీ అని ఆయన నన్ను మాత్రమే అన్నాడు. ప్రతాప్ ఆ సాయంత్రమంతా, నీవల్ల కార్డులన్నీ రెండోసారి కొట్టాల్సొచ్చిందని సణిగాడు. అన్నం మూడోసారి వడ్డించుకుని మరీ సణిగాడు.

ఆ వారంలోనే భారతమ్మ మేడం వచ్చింది. ఊర్లో ప్రైవేటు బడి నడుపుతుంది, ప్రశ్నపత్రాలు నా చేతనే చేయించుకుంటుంది. వచ్చేసరికి స్క్రీను మీద వాళ్ల బడి లెక్కల పేపరు తెరిచి ఉంది, పక్కనే చాప మీద మా అత్త, అత్తతో సీరియల్ చూడ్డానికొచ్చిన ఎదురింటామె, వాళ్ల అబ్బాయి ఆ బడిలోనే తొమ్మిదో తరగతి. మేడం ముఖం మాడిపోయింది. నన్ను వీధిలోకి పిలిచి సూటిగా చెప్పింది. "ఇంద్రజా, నీ పని నాకు నచ్చుతుంది. ఇంత సంతలో మాత్రం నా పేపర్లు చేయించలేను. బడి గేటు పక్కన ఒక గది తాళమేసి ఉండాది. బాడుగకు తీసుకుంటావా చెప్పు, లేదంటే ఈ ఏడు నుంచి నంద్యాలకు ఇచ్చుకుంటా." నా మీద జాలి పడి అన్న మాట కాదది. ఆమె అవసరం ఆమె చెప్పుకుంది. జాలి పడి ఉంటే బహుశా నేను వద్దనేదాన్ని. ఆలోచించుకుంటానని లోపలికి వచ్చాను. లోపలికి వచ్చేసరికి అత్త, మేడం ఏమంటాంది అని అడగలేదు. "నీళ్లు పట్టినావా?" అంది. నీళ్లు పడుతూ ఆలోచించాను, బిందె నిండేలోపు ఆలోచించడం అయిపోయింది.

నేనున్న పొదుపు సంఘంలో ఈసారి అప్పు తీసుకునే వంతు నాదే. సంఘం లీడరుకు చెప్పి, మా పాపను బడికి పంపించి నంద్యాల బస్సెక్కాను. పక్కన ఎవరూ లేకుండా ఆ మెట్లెక్కాను. శ్రీశైలం నా వెనకవైపు చూశాడు.

"అన్న రాలేదా వదినా? టీవీ కార్డు ఏమన్నా ఇబ్బంది పెడతాందా?"

"అది బ్రహ్మాండంగా పనిచేస్తాండాది. నాకు పని చేసుకునే కంప్యూటర్ ఒకటి కావల్ల. వదినా అనొద్దు. ఈ పొద్దు నేను ఆయన తరపున రాలేదు."

అతను చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, స్టూలు తుడిచి నాకు వేశాడు. "చెప్పక్కా" అన్నాడు.

చెప్పాను. ఇన్నాళ్లూ బస్సులో, నీళ్ల దగ్గర, పొయ్యి దగ్గర నాలో నేను చెప్పుకున్నదంతా చెప్పాను. అతను మధ్యలో అడుగుతున్నాడు. రోజంతా కూర్చుంటావా అక్కా, కిటికీ ఏ పక్క ఉంటాది, కరెంటు ఎక్కువ పోతాదా అని. నా పని గురించి నన్ను ఎవరైనా ప్రశ్న అడగడం అదే మొదలు. జవాబు చెప్తుంటే నాకే తెలియని సంగతులు బయటికొచ్చాయి, మెడ ఎడమవైపే ఎందుకు పట్టేస్తోందో అప్పుడు తెలిసింది. పెద్ద స్క్రీను, ఎక్కువ మెమరీ, మెత్తటి కీబోర్డు, కరెంటు పోయినా పేజీ పోకుండా యూపీఎస్ ఖాయమయ్యాయి. స్పీకర్లు వేయనా అన్నాడు, వద్దన్నాను. లేచేముందు తల గోక్కుంటూ, "మొన్న నువ్వు చెప్తాంటే విన్యా అక్కా. దుడ్లిచ్చేది అన్న కదా అని ఆయన మాటే పట్టుకున్యా" అన్నాడు. అందులో అబద్ధం లేదు. అందుకే కోపం రావాల్సినంతా వచ్చింది. ఈసారి ఇచ్చేది నేనేనని చెప్పి మెట్లు దిగాను.

ఇంట్లో మరునాటి పొద్దున చెప్పాను. ప్రతాప్ ముందు నవ్వాడు, తరువాత ఎవరు నేర్పించినారని అడిగాడు, ఆ తరువాత మా నాయనకు ఫోన్ చేస్తానన్నాడు. చేయమన్నాను. ఇంట్లో ఒకటి ఉండంగ ఇంకోటి ఏందీ అంది అత్త. "ఇంట్లో ఉండేది టీవీ అత్తా" అన్నాను. మధ్యాహ్నం అన్నం ఎవరు పెడతారని ఆయన అడిగాడు. వండిపెట్టి పోతా, పెట్టుకునేదానికి మీ ఇద్దరికీ చేతులుండాయి కదా అన్నాను. ఆ మాటకు ఇల్లేం కూలిపోలేదు. ఆయన చొక్కా తొడుక్కుని బయటికి పోయాడు, అత్త టీవీ పెట్టుకుంది.

కొత్త కంప్యూటర్ వచ్చాక బడి గేటు పక్క గదిలో పని మొదలుపెట్టాను. మొదటిరోజు పేజీ మొత్తం, ఒత్తులతో సహా, ఒక్కసారే కళ్ల ముందు కనపడితే ఏడుపొచ్చింది. అటు ప్రతాప్ ఆర్డర్లు తీసుకుంటూనే ఉన్నాడని, కూర్చడానికి నంద్యాల పంపిస్తున్నాడని, అవి ఆలస్యమై జనం గొడవపడుతున్నారని వినపడేది. ఇంట్లో ఆ ఊసు ఎత్తేవాడు కాదు, నేనూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం సత్రం వాళ్లు ఇద్దరు నా ముందు కూర్చుని రసీదు చదివి చూసుకుంటున్నారు. వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు. ప్రతాప్. చేతిలో రెండు పెండ్లికార్డుల రాతప్రతులు. లోపలికొచ్చి, సత్రం వాళ్ల పక్కనుంచి చెయ్యి చాపి ఆ కాగితాలు నా కీబోర్డు మీద పెట్టాడు. ఇవి బేగా కావల్ల, రేపటికే అన్నాడు. నేను కాగితాలు తీసి టేబులు అంచున పెట్టి, గోడవారన ఉన్న బెంచీ చూపించాను. ఆయనకు అర్థం కాలేదు.

"నేనేనే, ఇంద్రజా" అన్నాడు.

"చూసినా. కూచోండి. ముందు వచ్చినోళ్లది అయిపోనీ."