మెరుగు రాయి

ఉగాది దాటగానే టెంపో తీసుకొస్తానని మునిలక్ష్మమ్మ కొడుకు సురేంద్ర ఫోన్ చేశాడట. కుండలు చేసే సారెను దాంట్లో ఎక్కించి కొనేవాళ్లకు అప్పగిస్తాడట, తల్లిని తనతో హోసూరుకు తీసుకుపోతాడట. ఈ సంగతి మునిలక్ష్మమ్మ నాకు మట్టి తొక్కుతూ చెప్పింది, పక్కింటివాళ్ల విషయం చెప్పినట్టు.

"నువ్వేమన్నావు?" అన్నాను.

"ఏమనేది? కుండలు కొనేవాళ్లు యాడుండారక్కా? ఇంకొక్క ఆము కాలిస్తే సేసిన సరుకంతా అయిపోతాది. ఆడికి పోయి మనవరాల్ని ఎత్తుకోని కూసుంటా."

"ఊరికే కూసునేది నీకు సేతనైతాదా?"

ఆమె నవ్వి, మళ్లీ మట్టి తొక్కసాగింది.

మదనపల్లెలో మా వీధి చివరి ఇల్లు వాళ్లది. పెరట్లో కుండలు కాల్చే ఆము ఉంది. నేను ఆ వీధికి కోడలిగా వచ్చిన ఏడాదే ఆమె కూడా వచ్చింది. ఆ తర్వాత నేను చాలామందిని సాగనంపాను. చెల్లెల్ని రైలెక్కించాను, మళ్లీ చూడలేదు. మా ఆయన్ని ఆస్పత్రి వరండాలో కూర్చోబెట్టి కాఫీ తేవడానికి వెళ్లాను, వచ్చేసరికి ప్రాణం లేదు. అప్పటినుంచి ఎవరైనా గడపలో చెప్పులు వేసుకుంటే చాలు, నాకు దడ. మునిలక్ష్మమ్మను మాత్రం పంపకూడదని ఆ టెంపో మాట విన్న రోజే గట్టిగా అనుకున్నాను. ఎలా ఆపాలో తెలియలేదు.

నా మనవరాలు వాణి వచ్చినప్పుడు తెలిసింది. వాణికి బెంగళూరులో ఉద్యోగం. కంపెనీ పని మీద స్పెయిన్ దేశం పోయి, సెలవు దొరికినప్పుడల్లా అక్కడి కుమ్మరి ఊళ్లు తిరిగొచ్చింది. ఫొటోలు చూపించింది. మనీసెస్ అనే ఊళ్లో నీలం పువ్వుల పళ్లేలు, బంగారంలా మెరిసే గిన్నెలు. అగోస్త్ అనే ఊళ్లో నీళ్ల కూజాలు. బట్టల మధ్య చుట్టి నాకొకటి తెచ్చింది కూడా.

తెల్లగా, గుండ్రంగా ఉంది. పైభాగం మూసేసి ఉంది. నడినెత్తిన పట్టుకోవడానికి పిడి. ఒక పక్క నీళ్లు పోసే మూతి, ఇంకో పక్క సన్నటి కొమ్ము. కొమ్ము పెదవికి తాకకుండా పైకెత్తి తాగాలట, మనం చెంబెత్తుకుని తాగినట్టే. దాని పేరు బొతీహో.

"మట్టిలో ఉప్పు కలుపుతారవ్వా," అంది వాణి. "దాంతో కూజాకు బాగా చెమట పడుతుంది, నీళ్లు చల్లబడతాయి. ఈ కూజాల కోసం జనం ఎక్కడెక్కడినుంచో ఆ ఊరికి వస్తారు. సారె తిరిగేది చూస్తారు, నీళ్లు తాగుతారు, కొనుక్కుని పోతారు."

నేను బడికి పోలేదు. మార్కెట్ యార్డులో టమోటా పెట్టెల్లో పరిచే పాత పేపర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. అందుకేనేమో, చదివితేగానీ ఏదీ నమ్మకం కుదరదు. ఆ కూజాలు చేసే పద్ధతిని వాణి చేత ఫోన్లో తెలుగులో పెట్టించుకుని మళ్లీ మళ్లీ చదివాను. మరునాడు కూజాను చంకనెత్తుకుని మునిలక్ష్మమ్మ దగ్గరికి పోయాను.

"ఇదేందక్కా, పొదిగే కోడి మాదిరి ఉండాదే!" ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినింది. "మట్టి బాగుండాది. కాల్పు బాగుండాది. పాపం, మెరుగు పెట్టేది రాదేమో వాళ్లకి. సున్నం కొట్టని గోడ మాదిరి గరగరమంటాండాది."

"నువ్వు సెయ్యగలవా?"

"సూసినాక సెయ్యలేనా?"

"అయితే సెయ్యి. అంగళ్లలో నేను అడిగొస్తా. ఆము నిండా సరుకు కావాలనే వాళ్లు దొరికితే ఈ ఎండాకాలం ఈడే ఉంటావా?"

ఆమె కూజాను కింద పెట్టి ఆము వైపు చూసింది. నాలుగు కుండల కోసం ఎవరూ ఆము వెలిగించరు. నిండా పేరిస్తేనే మంట సమంగా పాకుతుంది, లేకపోతే కట్టెలు దండగ.

"ఆము నిండితే యాల పోతా?" అంది చివరికి.

ఆఖరి ఆములో కుండలతోపాటు కొన్ని కూజాలు కూడా పెట్టింది. నేను చదివి చెప్పినట్టే మట్టిలో ఉప్పు కలిపింది. పైభాగాన్ని వేళ్లతో దగ్గరకు లాగి మూసింది. అంతా ఆరాక, నేను చెప్పని పని ఒకటి చేసింది. ఎర్రమన్ను పూసి మెరుగు రాయితో రుద్దింది. ఆ రాయి ఏట్లో దొరికిన నల్లటి నున్నటి గుండు, వాళ్ల అత్తగారిది. "మనూరి పేరు పోకూడదు గదక్కా," అంటూ మొహం కనపడేదాకా రుద్దింది. ఒకదానికి మాత్రం పిడి వంకరపోయింది. దాన్ని రుద్దడానికి మనసొప్పక, ఆములో సందు పూడ్చడానికని ఒక మూల తోసింది.

ఆము విప్పిన రోజే, ఆగలేక, అన్నిటికంటే బాగా మెరిసేదాన్ని తీసుకుని పుంగనూరు బస్సెక్కాం. బస్సు రాకముందు అది వెళ్లిపోయిందేమోనని నాకు భయం. ఎక్కాక కూజా పగులుతుందేమోనని భయం. కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను.

పుంగనూరులో శివకుమార్‌ది బిందెల అంగడి. ఎండాకాలం కుండలు కూడా అమ్ముతాడు. కూజాను చూడగానే ముచ్చటపడ్డాడు.

"ఏమి మెరస్తాండాదమ్మా! అద్దం మాదిరి!" నీళ్లు నింపి గాలి వచ్చే చోట పెట్టాడు. "అన్నం తినేసి రాపోండి. నీళ్లు సల్లబడితే మాట్లాడుకుందాం."

మేము తిని వచ్చేసరికి చాలాసేపయింది. అతను కూజా ఎత్తి గొంతులో పోసుకుని ముఖం చిట్లించాడు.

"అమ్మా, ఈ నీళ్లు తాగేదానికా, ఒంటికి పోసుకునేదానికా? తీసకపోయి టీవీ పక్కన పెట్టుకోండి. అందంగా ఉంటాది."

అంగట్లో ఇంకెవరో నవ్వారు. మునిలక్ష్మమ్మ కూజా ఒళ్లు తడిమింది. చుక్క తడి లేదు. తిరిగొచ్చే బస్సులో కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గరపడ్డాక నోరు విప్పింది.

"నేనే సంపేసినా అక్కా దాన్ని. వంట కుండకు పెట్టే మెరుగు దీనికి పెట్టినా. సెమట పట్టే దావంతా మూసేసినా. ఇంక వదిలెయ్. సురేంద్రని రానీ."

"వంకర పిడిది యాడుండాది?"

"అది యాల? ఆము పక్కన పారేసినా."

"మెరుగు పెట్టలేదు గదా దానికి?"

ఆమె నా వైపు తిరిగింది. ఇక బస్సు ఆగేదాకా ఇద్దరికీ నిలకడ లేదు.

పెరట్లో బూడిద దులిపి దాంట్లో నీళ్లు పోశాం. మొదట ఏమీ కాలేదు. తర్వాత పిడి కింద సన్నగా తడి కనపడింది. పొయ్యి మీద అన్నం ఉడికి దిగేసరికి కూజా ఒళ్లంతా చెమట, కింద నేల తడి. ఎత్తి తాగాను. పళ్లు జిల్లుమన్నాయి.

"పొద్దున్నే కుప్పం పోదాం," అన్నాను.

"ఈ వంకరదాన్ని ఎత్తుకోనా? నా మొగం యాడ పెట్టుకునేది? ఇదేనా నీ సేతిపని అంటారు."

"నీ మొగం నా ఈపు ఎనక దాచిపెట్టుకో. రావాలంతే."

వాణితో చదువుకున్న దీప కుప్పంలో రోడ్డు పక్కన సంగటి హోటల్ నడుపుతుంది. కూజాను నింపి ఆమె బల్ల మీద పెట్టాం. మునిలక్ష్మమ్మ వంకర కనపడకుండా పిడిని గోడవైపు తిప్పింది. ఎండ ముదిరాక ఒక లారీ డ్రైవర్ వచ్చి, అడక్కుండానే దాన్ని ఎత్తాడు. మొదటి ధార గడ్డం మీద పడింది. రెండోది సరిగ్గా నోట్లో పడింది. అలాగే ఎత్తిపట్టుకుని తాగుతూనే ఉన్నాడు.

"ఫ్రిజ్‌లో పెట్టినారామ్మా దీన్ని?" అన్నాడు దించాక.

దీప తానూ తాగి చూసింది. "అవ్వా, ప్రతి బల్లకూ ఒకటి కావాల. కార్లల్లో పోయేవాళ్లు అడగతారు, అమ్మేదానికీ కావాల. మీ ఆములో ఎన్ని పడితే అన్ని కాల్చండి. ఇట్లాంటివే."

"పిడి సక్కంగా పెడతాలేమ్మా," అంది మునిలక్ష్మమ్మ, తల వంచుకుని. "మూతికాడ రవ్వంత మెరుగు కూడా..."

"వద్దు," అన్నాం నేనూ దీపా ఒకేసారి.

ఆదివారం సురేంద్ర టెంపోతో వచ్చాడు. తల్లి సారె ముందు కూర్చుని ఉంది, మోచేతులదాకా మట్టి.

"ఇంకా ఊడదీయలేదా అమ్మా?"

"ఎట్లాగూ బండి తెచ్చినావు గదప్పా. అట్లే సెరువుకాడికి పోయి మట్టి ఏసుకోని రా. ఆము నిండాల."

అతను నావైపు చూశాడు. "పెద్దమ్మా, ఇదంతా నీ పనేనా?"

"అవునప్పా."

"సరే, ఎండాకాలం గడిచిపోతాది. వానలు పడితే ఈ కూజాలు ఎవరికి కావాల? అప్పుడు?"

నాకు దడ మళ్లీ మొదలైంది. ఈ లోపల మునిలక్ష్మమ్మ గూట్లో చెయ్యి పెట్టి వెతుకుతోంది.

"అక్కా, నా మెరుగు రాయి కనపడలేదే?"

అది నా నడుము సంచిలో ఉంది. "నా కాడుండాది. సరుకంతా కుప్పం సేరినాక ఇస్తా."

"మా అత్తది అక్కా అది!"

"తెలుసు."

సురేంద్ర నవ్వి టెంపో స్టార్ట్ చేశాడు. ఆమె చేతులు కడుక్కోకుండానే నా ముందుకు వచ్చి నిలబడింది.

"పోనీ, నేను హోసూరుకు పోయేనాడైనా ఇస్తావా?"

"ఆనాడు అసలే ఇయ్యను," అన్నాను, సంచి మూతి బిగించి కడుతూ.